నలభై పాళ్ల వెచ్చదనం

ఇంగ్లీషు తీరంలోని మా హెరన్‌సీ రేవులో డీజిల్ పోసే క్లెమ్ మనిషి ముఖం చూసి పలకరించడు, ట్యాంకు మూత చూసి పలకరిస్తాడు. పంపు గొట్టం చేతికి తీసుకుని "మామూలేగా?" అంటాడు. మేము "మామూలే" అంటాం. ప్రభుత్వానికీ మాకూ మధ్య జరగవలసిన సంభాషణ సమస్తం అక్కడితో ముగిసిపోతుంది.

మా పడవల్లో పోసేది ఎర్ర డీజిల్. ట్రాక్టర్లకూ చేపల పడవలకూ తక్కువ సుంకంతో దొరికే ఇంధనం అది. దాన్ని ఎవరైనా దొంగతనంగా కార్లలో పోసుకుంటే పట్టుబడాలని ముందే రంగు కలుపుతారు. మావేమో సరదా పడవలు. సరదాకు తగ్గింపు ఏమిటన్న అనుమానం ప్రభుత్వానికి కొంచెం ఆలస్యంగా వచ్చింది. అనుమానం వచ్చినా ప్రతి చిన్న రేవులోనూ రెండో పంపు పెట్టించడం అయ్యే పని కాదు. కనుక పంపు ఒకటే, రంగు ఒకటే, తేడా అంతా కాగితం మీదే. పడవను నడిపే డీజిలుకు పూర్తి సుంకం, పడవలోని గదిని వెచ్చబరిచే డీజిలుకు తగ్గింపు సుంకం. ఏది ఎంతో యజమానే చెప్పి సంతకం పెట్టాలి. నూటికి అరవై పాళ్లు నడకకు, నలభై పాళ్లు వెచ్చదనానికి అని రాస్తే ఎవరూ అడ్డు చెప్పరని మొదటి ఏడాదే తేలిపోయింది. ఆ మర్నాటి నుంచి మా రేవు యావత్తూ నూటికి నలభై పాళ్లు వెచ్చబడింది. హీటరు ఉన్నవాళ్లు ఉన్నారు, లేనివాళ్లు ఉన్నారు. క్లెమ్ రసీదు పుస్తకానికి ఆ పట్టింపు లేదు. వాన కురిసే మధ్యాహ్నాల్లో కూర్చుని అతను వరసగా అన్ని కాగితాల మీదా అరవై, నలభై అని ముందే రాసిపెట్టుకునేవాడు. మేము కింద సంతకం గీకేవాళ్లం. అబద్ధం ఆడుతున్నామని మాలో ఒక్కరికీ తోచలేదు. ఇంతమందిమి కలిసి, ఇంత మర్యాదగా, వరసలో నిలబడి ఆడుతున్నదాన్ని అబద్ధం అనడానికి నోరెలా వస్తుంది?

అందరిలోనూ తక్కువ తోచినవాడు ఆంబ్రోస్ ట్విచెట్. తోచే అవకాశం అందరికన్నా ఆయనకే ఎక్కువ. ముప్పై ఒక్క ఏళ్లు తూనికలు, కొలతల శాఖలో తనిఖీ అధికారిగా పనిచేసి దిగినవాడు. తక్కెడ పళ్లెం కింద బొటనవేలు దాచిన మాంసం కొట్టువాడినీ, గ్లాసులో బీరుకు బదులు నురగ నింపిన సారాకొట్టు యజమానినీ ఆయన ఏనాడూ క్షమించలేదు. పదవీ విరమణ చేశాక కొలవడానికి లోకంలో ఏమీ మిగలక, 'పేషెన్స్' అనే పడవను కొని, దాన్ని కొలుస్తూ కూర్చున్నాడు. ఇంజను ఎన్ని గంటలు నడిచింది, ట్యాంకులో ఎన్ని లీటర్లు పోశారు, ఏ తేదీన, ఏ రేవులో, గాలి ఎటు నుంచి: అన్నీ ఒక నీలం ఫైలులో ఉండేవి. రసీదుకొక గాజుకాగితపు సంచి, సంచికొక అంకె. సముద్రం దాటి పొరుగు దేశాలకు వెళ్లే సభ్యుల కోసం ఇంధన నిబంధనల మీద ఆయన పద్నాలుగు పేజీల కరపత్రం కూడా రాశాడు. అది మా క్లబ్బు నోటీసు బోర్డులో నాలుగేళ్లుగా వేలాడుతోంది. మూడో పేజీ నుంచి వెనక్కి మడతపడి ఉంది. ఆ మడత విప్పినవాడు లేడు.

ఆయన భార్య థెల్మా నర్సుగా పనిచేసింది. పల్లెల్లో ఇంటింటికీ సైకిలు మీద తిరిగి, ముసలివాళ్ల కాళ్లు పట్టి చూసి, ఈ ఇంట్లో పొయ్యి వెలగడం లేదని ముఖం మీదే చెప్పగలిగిన మనిషి. అలాంటి మనిషి తన సొంత కాళ్ల గురించి ఎనిమిదేళ్లుగా మొత్తుకుంటోంది. పేషెన్స్‌లో హీటరు లేదు. ఆమె వేసవి సెలవులు రెండు స్వెట్టర్లు, ఒక ఉన్ని టోపీ, ఒక వేడినీళ్ల సంచి మధ్య గడిచేవి. హీటరు పెట్టించమంటే ఆంబ్రోస్ దగ్గర సమాధానాలకు కొదవ లేదు. పడవ పక్కకు రంధ్రం కొట్టాలన్నాడు ఒక ఏడు. బ్యాటరీని పీల్చేస్తుందన్నాడు మరో ఏడు. ఆ తరువాతి ఏడు, వెచ్చని గదిలో పడుకున్న మనిషి రాత్రి గాలి మారితే లేవడని, చలి నావికుడికి కాపలాకుక్కలాంటిదని ఉపన్యసించాడు. ఆ ఉపన్యాసం ఇచ్చింది ఇంట్లో, నిప్పుగూటి ముందు కూర్చుని.

రెండు వేల పదిహేడు మే నెలలో మా మూడు పడవలు కలిసి బెల్జియం ఒడ్డున ఉన్న జాండెకెర్క్‌కు బయలుదేరినప్పుడు థెల్మా చివరి మాట చెప్పేసింది. చెప్పింది రేవులో, మా అందరి ఎదుట. ఆమె గొంతు పెంచలేదు.

"ఈ ఒక్కసారికి వస్తాను, ఆంబ్రోస్. మళ్లీ కాళ్లు కొయ్యబారి ఇంటికొచ్చానంటే ఇక పడవెక్కను. నువ్వు ఒక్కడివే నడుపుకో."

ఒక్కడే నడుపుకోలేడని ఇద్దరికీ తెలుసు. ఆయన కుడి భుజం పైకి లేవదు; రేవుల్లోకి తీసుకురావాలన్నా, తాళ్లు అందుకోవాలన్నా చుక్కాని దగ్గర ఆమె ఉండాలి. ఆమె ఇంట్లో ఉండిపోతే పేషెన్స్ అమ్మకానికి వెళ్తుంది. ఇది బెదిరింపు కాదు, లెక్క. లెక్కంటే ఆంబ్రోస్‌కు గౌరవం. అందుకని ఆమెకోసం కొత్తగా ఇంకో వేడినీళ్ల సంచి కొన్నాడు.

సముద్రం దాటడానికి పదమూడు గంటలు పట్టింది. ఈశాన్యపు గాలి, ఆ గాలికి మే నెల అన్న సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. జాండెకెర్క్‌లో అతిథి పడవలకు చోటు తక్కువ కనుక మూడింటినీ పక్కపక్కన ఒకదానికొకటి కట్టేశాం. బల్లకట్టుకు ఆనుకుని పేషెన్స్, దాని పక్కన మాది, మా అవతల మూడోది. అలా కట్టుకున్న పడవల్లో గోడలు ఉంటాయి గానీ రహస్యాలు ఉండవు. ఆ రాత్రి పేషెన్స్ నుంచి మాకు ఒక్క మాట కూడా వినిపించలేదు. సుఖంగా నిద్రపోతున్నవాళ్ల నిశ్శబ్దం ఒక రకం. అది ఆ రకం కాదు.

మర్నాడు పొద్దున థెల్మా రొట్టెలు కొనడానికి ఊళ్లోకి వెళ్లింది. రొట్టెల కొట్టు వెచ్చగా ఉంటుంది కనుక ఆమె త్వరగా వస్తుందని మేమెవరం అనుకోలేదు. అప్పుడే బల్లకట్టు మీద కస్టమ్స్ అధికారి కనిపించాడు. పేరు వెర్‌కామెన్. నలభై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చెదరని చొక్కా, చేతిలో చిన్న పెట్టె, ముఖంలో దంతవైద్యుడి మర్యాద. ఎర్ర డీజిలు ఆ దేశంలో సరదా పడవలకు నిషిద్ధం. ట్యాంకులో ఎరుపు కనిపిస్తే, దానికి స్వదేశంలో పూర్తి సుంకం కట్టామని కాగితం చూపాలి. అతన్ని చూడగానే మా అవతలి పడవలోనివాళ్లు హఠాత్తుగా లోపలికి వెళ్లి గిన్నెలు కడగడం మొదలుపెట్టారు. మేము అప్పటికే చుట్టి ఉన్న తాడును విప్పి, మళ్లీ చుట్టసాగాం.

ఆంబ్రోస్ మాత్రం తల దువ్వుకుని వచ్చాడు.

ఎనిమిదేళ్లు. ఎనిమిదేళ్లుగా ఆ నీలం ఫైలును ఎవరైనా అడుగుతారని ఆయన ఎదురుచూస్తున్నాడు. వెర్‌కామెన్ ఇంకా నమస్కారం పూర్తిచేయకముందే ట్యాంకు మూత ఎక్కడుందో చూపించాడు, గొట్టం దించడానికి సాయం పట్టాడు, గాజు సీసాలోకి ఎక్కిన ఎర్రటి డీజిలును వెలుగుకు ఎత్తి పట్టుకుని చూడమన్నాడు. తరువాత ఫైలు చేతికిచ్చి, దయచేసి మొదటి పేజీ నుంచి చూడమని కోరాడు. తొందర లేదని కూడా చెప్పాడు.

వెర్‌కామెన్ చూశాడు. మొదటి పేజీ నుంచే చూశాడు. ఆ ఫైలును ఒక మనిషి చదవడం అదే మొదటిసారి. గాజుకాగితపు సంచులు ఒక్కొక్కటే తిరుగుతున్నాయి. చదువుతున్నవాడి వేలు ప్రతి కాగితం మీదా ఒకే చోట ఆగుతోంది. ఆంబ్రోస్ చేతులు వెనక్కి కట్టుకుని, బహుమతి ప్రదానంలో పిల్లవాడిలా నిలబడ్డాడు. సగం దాకా వచ్చాక అధికారి తలెత్తి, రసీదులు ఇంత చక్కగా ఉంచుకున్న ఇంగ్లీషువాడిని తాను ఇంతవరకూ చూడలేదన్నాడు. ఆంబ్రోస్ మెడ దాకా ఎర్రబడ్డాడు. ఆ ఎరుపుకు సుంకం లేదు.

"ప్రతి రసీదులోనూ వెచ్చదనానికి నలభై పాళ్లు అని ఉందండీ" అన్నాడు వెర్‌కామెన్.

"అవునండీ. ఒక్కదాంట్లో కూడా తేడా రాలేదు."

"హీటరు ఒకసారి చూడొచ్చా?"

మా చేతుల్లోని తాడు అక్కడే ఆగింది. అవతల గిన్నెల చప్పుడు కూడా ఆగింది. రేవు నీళ్లలో ఒక బాతు మాత్రం విషయం తెలియక ఈదుతూ పోయింది.

ఆంబ్రోస్ ముఖం చూస్తే, తన జీవితంలో మొట్టమొదటిసారి తక్కెడకు అవతలి వైపు నిలబడ్డాడని తెలిసిపోయింది. ముందు, అది మా రేవులో మామూలేనని చెప్పాడు. మామూలంటే ఏమిటని అధికారి అడిగాడు. అందరూ అలాగే రాస్తారని చెప్పాడు. అందరి పడవల్లోనూ హీటరు లేదా అని అధికారి అడిగి, ఎంతో మర్యాదగా మా వైపు చూశాడు. మేము తాడు ముడి వంక చూశాం. ఎంత అందమైన ముడో అది.

తరువాత ఆంబ్రోస్ తన కరపత్రంలోని తొమ్మిదో పేరాను బయటికి తీశాడు. అది ఎవరూ విప్పని మడత వెనక ఉన్నది కనుక మేమూ అప్పుడే విన్నాం. ఇంజను పడవ గది నేల కిందే ఉంటుంది. అది నడిచినప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడి పలకల సందుల్లోంచి గదిలోకి వస్తుంది. కనుక ఇంజను తాగే డీజిలులో కొంత భాగం పడవను నడుపుతుండగా, కొంత భాగం గదిని వెచ్చబరుస్తోందనడం శాస్త్రసమ్మతం. ఆయన ఈ సంగతి చెప్పిన తీరు చూస్తే, హీటరు కొనేవాళ్లే దేశానికి ద్రోహం చేస్తున్నారేమో అనిపించింది.

వెర్‌కామెన్ నవ్వలేదు. అతను న్యాయంగా ఉండదలచిన మనిషి. అదే ఆంబ్రోస్ దురదృష్టం. డీజిలు నమూనాల వేడి కొలవడానికి తన పెట్టెలో ఉష్ణమాపకం ఉందని, ఒక గంట తలుపులు మూసి ఇంజను నడిపి చూద్దామని అన్నాడు. గది నిజంగా వెచ్చబడితే, ఈ పడవలో వెచ్చదనం ఇంజను ద్వారా లభిస్తోందని ఒక పత్రం రాసి వెళ్లిపోతాడు. ఆ పత్రం మీద పడవలో ఉంటున్న ఇంకొకరు, యజమాని కానివారు, సాక్షి సంతకం పెట్టాలి. వెచ్చబడకపోతే నలభై పాళ్లకూ మిగిలిన సుంకం, దాని మీద జరిమానా. యజమాని పేరు తప్పు వివరం రాసినవారి పుస్తకంలోకి ఎక్కుతుంది.

జరిమానా మాట ఆంబ్రోస్‌ను తాకినట్టు లేదు. పుస్తకం మాటకు మాత్రం ఆయన కుర్చీ వెతుక్కున్నాడు. అలాంటి పుస్తకాల్లో ముప్పై ఒక్క ఏళ్లు పేర్లు ఎక్కించినవాడు ఆయన.

థెల్మా రొట్టెలతో తిరిగి వచ్చింది ఆ సమయానికే. గదిలో కొత్త మనిషి, బల్ల మీద తెరిచి ఉన్న ఫైలు, భర్త ముఖంలో పాలిపోయిన మర్యాద. సంగతి ఏమిటని అడిగింది. ఆంబ్రోస్ చిన్న లాంఛనం అన్నాడు. వెర్‌కామెన్ పెద్ద వివరం చెప్పాడు. ఆమె కోటు విప్పకుండానే కూర్చుని ఫైలు తన వైపు తిప్పుకుంది.

అక్కడి నుంచి జరిగినది కొంత మేము పక్క కిటికీలోంచి చూశాం, మిగతాది థెల్మా చెప్పింది. ఆంబ్రోస్ ఇంతవరకూ కాదనలేదు.

ఇంజను మొదలైంది. తలుపులు మూసుకున్నాయి. ఉష్ణమాపకం పదకొండు డిగ్రీల దగ్గర ఉంది. థెల్మా రసీదులు చదువుతోంది. భర్త సంతకాలతో తన ఎనిమిదేళ్ల జీవితం ఆమె ముందు వరసగా పరుచుకుంది. అయితే అందులో ఉన్న థెల్మా వేరే మనిషి. ఆ థెల్మా హాయిగా, వెచ్చగా, తగ్గింపు సుంకంతో బతుకుతోంది. రెండు వేల పదకొండు జూన్ రసీదు దగ్గర ఆమె ఆగింది. ఆ వారం గోడల మీద చెమ్మ పట్టి, కాళ్లకు మేజోళ్ల పైన రొట్టెల సంచులు కట్టుకుని పడుకున్న సంగతి అధికారికి చెప్పింది. రెండు వేల పదమూడు ఆగస్టు రసీదు దగ్గర మళ్లీ ఆగింది. దాని మీది తేదీ ఆమె పుట్టినరోజు. ఆ రాత్రి పొయ్యి మీద కెటిలు పెట్టి ఆ ఆవిరిలో చేతులు కాచుకుంది; ఆ పొయ్యి గ్యాసుది. గ్యాసు ఈ విచారణలోకి రాదని వెర్‌కామెన్ విచారంగా అన్నాడు.

"అంటే కాగితం మీద నాకు హీటరు ఉంది" అంది ఆమె.

"కాగితం మీద ఉందమ్మా. నలభై పాళ్లు."

"బాగా పనిచేసిందా?"

జవాబు కోసం ఆగకుండా ఆమె లేచి టీ పెట్టింది.

అరగంటకు ఉష్ణమాపకం పన్నెండుకు ఎక్కింది. ముగ్గురు మనుషుల ఊపిరి, మూడు కప్పుల టీ అందులో ఎంత భాగమో ఎవరూ విడదీయలేదు. గది నిండా డీజిలు వాసన ఉంది. వెచ్చదనం రాకపోయినా దాని బంధువులంతా వచ్చేశారు. వెర్‌కామెన్ ముక్కు ఎర్రబడింది. కప్పును రెండు చేతుల్తో పట్టుకున్నాడు. కాసేపటికి, అనుమతి అడిగి మరీ, చేతి తొడుగులు వేసుకున్నాడు. ఆ తొడుగులు చూసి ఆంబ్రోస్ ఒక పని చేశాడు. అబ్బ, ఉక్కగా ఉందంటూ స్వెట్టరు విప్పేశాడు.

కిటికీలోంచి మాకు అది స్పష్టంగా కనిపించింది. అరవై ఆరేళ్ల మనిషి పొట్టిచేతుల చొక్కాతో కూర్చుని, ఉక్కపోతకు విసురుకుంటున్నట్టు తన కరపత్రం నకలుతో విసురుకుంటున్నాడు. ముంజేతుల మీద రోమాలు సైనికుల్లా లేచి నిలబడ్డాయి. పెదవులు చిరునవ్వుతోనే నీలం రంగుకు తిరుగుతున్నాయి. రంగు కలిపితే మోసం పట్టుబడుతుందని మా దేశపు శాస్త్రజ్ఞులు ఊరికే అనలేదు.

గంట పూర్తయింది. పన్నెండున్నర. వెర్‌కామెన్ ఇంజను ఆపించాడు. ఆ నిశ్శబ్దంలో అతను ఉష్ణమాపకాన్ని చాలాసేపు చూశాడు, ఆంబ్రోస్‌నూ చాలాసేపు చూశాడు. ఒకటిన్నర డిగ్రీ పెరిగిన మాట వాస్తవమని, వెచ్చదనం అనేదానికి చట్టంలో అంకె లేదని, పడవలో నివసించే వ్యక్తి తనకు వెచ్చగా ఉందంటే తాను కాదనబోనని చెప్పాడు. జాలిపడ్డాడని మా నమ్మకం. పత్రం రాసి, కలంతో సహా థెల్మా ముందుకు జరిపాడు. ఈ పడవ గది ఇంజను వేడితో తగినంత వెచ్చగా ఉంటుందని అందులో ఉంది. కింద సంతకానికి ఒక గీత.

ఆమె రెండుసార్లు చదివింది.

"ఇందులో నేను సంతకం పెడితే ఈ పడవలో వెచ్చగా ఉన్నట్టు. అంతేనా?"

"అధికారికంగా, అవునమ్మా."

"దీని నకలు ఆయనకు ఇస్తారా?"

"ఇవ్వాలి కదా."

నకలు ఎక్కడికి వెళ్తుందో ఆమెకు తెలుసు. గాజుకాగితపు సంచిలోకి, ఒక అంకెతో. ఇక ఏ ఏడాది ఏ చలిరాత్రి ఆమె హీటరు మాట ఎత్తినా ఆ ఫైలు తెరుచుకుంటుంది. పక్కదేశపు ముద్ర, తన సొంత సంతకం. ఎనిమిదేళ్లు ఆయన ఆమె తరఫున వెచ్చగా ఉన్నాడు. ఇవాళ ఆమె తానే స్వయంగా వెచ్చబడాలి. వెచ్చబడకపోతే ఆయన పేరు ఆ పుస్తకంలోకి ఎక్కుతుంది. ఆ పేరును ఆమె కూడా ముప్పై ఎనిమిదేళ్లుగా మోస్తోంది.

ఆంబ్రోస్ వంగి, అధికారికి వినబడనంత చిన్నగా, మాకు వినబడేంత పెద్దగా అన్నాడు:

"ఒక్క సంతకం, థెల్మా. ఇంటికెళ్లాక హీటరు సంగతి తప్పకుండా ఆలోచిద్దాం."

ఆలోచిద్దామన్న మాట విని ఆమె కలం కింద పెట్టింది. కోపం లేదు. రోగి మంచం పక్కన కూర్చున్నట్టు కొంచెం ముందుకు జరిగి, ఆయన ముంజేయి అందుకుని, మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టింది. మంచుగడ్డలా ఉందట.

"నేను పెడతాను, ఆంబ్రోస్. నాకేం బరువు కాదు. కానీ ముందు నువ్వొక మాట చెప్పు. నీకు ఇప్పుడు చలిగా ఉందా, లేదా?"

ఆయన ఉష్ణమాపకం వైపు చూశాడు. మాంసం కొట్టువాళ్లందరూ, సారాకొట్టు యజమానులందరూ ఆ క్షణంలో వచ్చి పేషెన్స్ మెట్ల మీద వరసగా కూర్చున్నారని నేను ఊహించుకుంటాను. ప్రతివాడి బొటనవేలూ ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. ముల్లు ఎక్కడ నిలిచిందో చూసి, ఉన్నది ఉన్నట్టు చదవడం తప్ప ఆయన జీవితంలో వేరే పని చేసి ఎరుగడు. కలం తీసుకుని రసీదుల మీద ఎంతైనా రాసి ఉండవచ్చు. కానీ కొలతపరికరం ముందు కూర్చోబెట్టి అడిగితే అబద్ధం చెప్పడం ఆ మనిషికి చేతకాలేదు.

"చలిగానే ఉంది" అన్నాడు.

మళ్లీ ఎవరూ అడగకుండానే, "చాలా చలిగా ఉంది. ఈ పడవలో ఎప్పుడూ చలే" అన్నాడు.

థెల్మా స్వెట్టరు తీసి ఆయన తలమీదుగా తొడిగింది. కుడి చేయి ఎత్తలేడు కనుక ఆ చేతిని ఆమే లోపలికి దూర్చింది. వెర్‌కామెన్ ఆ పత్రాన్ని నాలుగుగా చింపి జేబులో పెట్టుకుని, వేరే పుస్తకం తీశాడు. పేరు రాస్తున్నంతసేపూ ఆంబ్రోస్ పక్కనే కూర్చుని చూశాడు. పని బాగా జరుగుతోందా అని చూసే పాత ఉద్యోగిలా. జరిమానా రసీదు చేతికి రాగానే ఆయన చేసిన మొదటి పని దాన్ని గాజుకాగితపు సంచిలో వేసి, అంకె రాసి నీలం ఫైలులో పెట్టడం. రెండో పని, ఊళ్లో పడవ సామాన్ల కొట్టు ఎక్కడని అధికారిని అడగడం.

బయటికి వచ్చిన వెర్‌కామెన్ మా వైపు చూశాడు. మీ దగ్గరా ఇలాంటి ఫైలు ఉందా అని అడిగాడు. లేదండీ అన్నాం. ఆ ప్రయాణంలో మేము పలికిన నిజాల్లో అది ముఖ్యమైనది. అతను మా గది లోపలికి ఒకసారి తొంగిచూశాడు. ఆ గంట తరువాత ఇంకో ఇంగ్లీషు పడవలోకి దిగే ధైర్యం అతనికి మిగల్లేదనుకుంటాను. పెట్టె మూసుకుని, చేతులు రుద్దుకుంటూ, బల్లకట్టు మీద చాలా వేగంగా నడిచి వెళ్లిపోయాడు. ఈ విధంగా, ఎనిమిదేళ్ల సాక్ష్యాన్ని భద్రపరిచినవాడు దోషి అయ్యాడు. ఒక్క కాగితం కూడా దాచని మేము నిర్దోషులమయ్యాం.

హీటరు బిగించడానికి రెండు రోజులు పట్టింది. పడవ పక్కకు రంధ్రం కొట్టారు, పడవ మునగలేదు. బ్యాటరీ మీద భారం పడింది, బ్యాటరీ చావలేదు. తిరుగుప్రయాణంలో తెల్లవారుజామున మేము చుక్కాని పట్టుకుని కోటుల్లో ముడుచుకుపోయి ఉండగా, పేషెన్స్ మా పక్కగా దాటింది. గది తలుపు తెరిచి ఉంది. మెట్ల కింద నేల మీద రెండు వట్టి పాదాలు కనిపించాయి. మేజోళ్లు లేవు, రొట్టెల సంచులు లేవు. ఆ పాదాల వేళ్లు కదులుతున్నాయి, ఎవరో తీరిగ్గా పియానో వాయిస్తున్నట్టు.

హెరన్‌సీలో డీజిలు కోసం వరసలో నిలబడ్డాం. ముందు పేషెన్స్, వెనక మేము. క్లెమ్ గొట్టం అందుకుని ఎప్పటి ప్రశ్న ఎప్పటి గొంతుతో అడిగాడు.

"మామూలేగా?"

"కాదు" అన్నాడు ఆంబ్రోస్. "నూరు, సున్నా."

ఆ మాట మా రేవులో ఎవరూ విని ఉండలేదు. క్లెమ్ గొట్టం చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నూరూ నడకకేనా అని అడిగాడు. నడకకే. మరి వెచ్చదనానికి ఏమీ వద్దా? ఏమీ వద్దు. అప్పుడే పేషెన్స్ పక్కనున్న కొత్త రంధ్రంలోంచి సన్నటి వేడిగాలి వెలువడి క్లెమ్ మోకాళ్లను తాకింది. అతను వంగి ఆ రంధ్రాన్ని చూశాడు, నిలబడి ఆంబ్రోస్‌ను చూశాడు. హీటరు లేనన్నాళ్లూ నలభై రాసి, హీటరు వచ్చిన రోజున సున్నా రాయమంటున్నావేమిటి, నీకు ఒంట్లో బాగుందా అని నిజమైన ఆదుర్దాతోనే అడిగాడు. తగ్గింపు ఇప్పుడే కదా న్యాయంగా వచ్చేదని కూడా చెప్పాడు. న్యాయమే. కానీ ఆంబ్రోస్ ఇంకెప్పుడూ ఏ కాగితం మీదా వెచ్చదనం అన్న మాట రాయదలచుకోలేదు. అది గదిలో ఉంటే చాలన్నాడు.

క్లెమ్ దగ్గర ముందే రాసిపెట్టని కాగితం ఒక్కటీ లేదు. పుస్తకం చివరి దాకా వెతికి, లాభం లేక, అరవైని కొట్టేసి పైన నూరు రాశాడు, నలభైని కొట్టేసి పైన సున్నా రాశాడు. రెండు కొట్టివేతల దగ్గరా ఆంబ్రోస్ పొట్టి సంతకం పెట్టాడు. గది లోపలి నుంచి థెల్మా, ఆలస్యమైతే టీ చల్లారిపోతుందని కేకేసింది. వెంటనే మాట మార్చి, ఫరవాలేదులే, ఇక్కడ ఏదీ చల్లారడం లేదు అంది.

ఆ సాయంత్రం క్లబ్బు నోటీసు బోర్డులో కరపత్రం మడత విప్పి ఉంది. తొమ్మిదో పేరా ఉన్న చోట కత్తెరతో చతురస్రంగా కోసిన ఖాళీ, దానిలోంచి వెనకనున్న కార్కు పలక కనిపిస్తోంది.

పంపు దగ్గర మా వంతు వచ్చినప్పటి సంగతీ చెప్పాలి. క్లెమ్ మా వైపు అనుమానంగా చూస్తూ, గొట్టం ఎత్తకుండానే అడిగాడు. మా చేతులు చలికి వణుకుతున్నాయి. కలం పట్టుకోవడానికి కూడా రెండుసార్లు నోటితో ఊది వెచ్చబరుచుకోవలసి వచ్చింది.

మామూలే అన్నాం.